ఫార్మాట్ అనే మాటకు రెండు అర్థాలు

నాకు ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఇక్కడ సౌదీలో దాన్ని ఖురూజ్ అంటాం. అది పడ్డాక పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే మిగిలేది. అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా ఫ్లాట్‌లో నేను సామాన్లు అట్టపెట్టెల్లో కట్టుకుంటుంటే మనవైపు పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. "ఖాదర్ భాయ్, మేమూ సీసీ కెమెరాల లైన్లోకి వస్తాం, ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతున్నారు. నాది ప్రొద్దుటూరు. పని చేసిన కాలమంతా ఈ తూర్పు తీరంలోనే గడిచింది. ధహ్రాన్ నుంచి ఖఫ్జీ దాకా నేను నిచ్చెన వేయని గోడలు తక్కువే.

వాళ్లు లెన్సుల గురించీ నెట్‌వర్క్ గురించీ చెబుతానని వస్తారు. నేను తిట్లతో మొదలుపెడతాను. నాలుగు తిట్లు విని టీ తాగి వెళ్లిపోతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాగితం లేచి వెళ్లిపోదు కదా. ప్రమోషన్లు, సర్టిఫికెట్లు, నాకిచ్చిన శాలువాలు ఇందులో ఉండవు. కోపం ఉంటుంది. ఆ కోపం తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు.

పెట్టె సంగతి

కెమెరా అందరికీ కనబడుతుంది, కాబట్టి అందరూ దాని గురించే అడుగుతారు. నిజమైన పని దాని వెనక వైరు చివర ఉన్న పెట్టెలో జరుగుతుంది. దాన్ని రికార్డర్ అనండి, డీవీఆర్ అనండి. లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది. కెమెరా చూసిందంతా అందులో రాసుకుంటూ పోతుంది. డిస్క్ నిండగానే ఆగదు, ఎవరినీ అడగదు, మళ్లీ మొదటికొచ్చి పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. బడి పలక లాంటిదే, కాకపోతే చెరిపేది మనం కాదు.

మొదట నేర్చుకోవాల్సింది ఇదే. ఆ పెట్టె దేన్నీ శాశ్వతంగా దాచదు. కొన్నాళ్లు ఓపిక పడుతుంది, అంతే. ఆ కొన్నాళ్లలో ఎవరైనా వచ్చి తీసి పెట్టకపోతే ఏ దొంగా, ఏ దేవుడూ చెరపక్కర్లేదు, అదే చెరుపుకుంటుంది.

మరి ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లు? ఇక్కడే మన సేల్స్ వాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది. దుకాణం వాడు "నెల రోజులు వస్తుందా?" అంటే "వస్తుంది సార్" అంటారు. మొహం మీద చెమట చుక్క కూడా కనబడే కెమెరాలు అంటగడతారు, డిస్క్ మాత్రం చిన్నది పెడతారు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె. బొమ్మ ఎంత స్పష్టమైతే అంత చోటు తింటుంది. ఆ మాట కొనేవాడికి ఎవడూ చెప్పడు.

మా వీధి చివర బకాలా ఉంది. బకాలా అంటే కిరాణా కొట్టు. ఆ కొట్టాయన కర్నూలు జిల్లా మనిషి. పోయిన నెలలో ఏదో గొడవ జరిగితే ఆ రోజు వీడియో తీసిమ్మని నన్ను పిలిచాడు. పెట్టెలో వారం కంటే వెనక్కి ఏమీ లేదు. "నెలన్నారే" అన్నాడు. ఆ నెల అన్నది మా కంపెనీ వాడే. ఆయన నన్ను తిట్టలేదు, చాయ్ ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎవడి తాళం వాడిది

ఇక రెండో మోసం. వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాం. కొన్నవాడు ఇంటికెళ్లి తన కంప్యూటర్లో పెడితే అది తెరుచుకోదు. ఎందుకంటే ఒక్కో రికార్డర్ కంపెనీ తన వీడియోని తనకిష్టమైన తీరులో కట్టి పెడుతుంది. దాన్నే ఫార్మాట్ అంటారు. అది ఆ కంపెనీ ఇచ్చే ప్లేయర్‌లోనే ఆడుతుంది. లోపల ఉన్న బొమ్మ అందరిదీ ఇంచుమించు ఒకటే, మీ ఫోన్లో ఆడే వీడియోకీ దానికీ పెద్ద తేడా ఉండదు. పైన వేసే మూటకట్టే వేరు. ఆ ముడి విప్పడానికి వాడి దగ్గరికే పోవాలి.

ధహ్రాన్‌లో ఒక ఆఫీసులో నాలుగు రకాల పెట్టెలుండేవి, ఒక్కోటీ ఒక్కో మేనేజర్ కాలంలో కొన్నది. నాలుగింటికీ నాలుగు ప్లేయర్లు. ఏది దేనిదో తెలిసిన మనిషి సెలవుపెడితే ఆ ఆఫీసు గుడ్డిదే. డబ్బు పోసి కొన్నది మనం, కెమెరా మనది, గోడ మనది, అందులో కనిపించే మనిషి మనవాడు, చూడ్డానికి మాత్రం పెట్టె చేసినవాడి అనుమతి కావాలి! ఇంతకంటే సిగ్గులేని వ్యాపారం నేను చూడలేదు.

నాకు పని నేర్పిన లాహోర్ పెద్దాయన ఒకటే చెప్పేవాడు. వీడియో ఇచ్చాక లేచి రావొద్దు, తీసుకున్నవాడి కంప్యూటర్లోనే అది ఆడేదాకా అక్కడే కూర్చో, అనేవాడు. మామూలు ప్లేయర్లో ఆడేలా మార్చిన కాపీ ఒకటి ఇవ్వు, దానితో పాటు మార్చని అసలుది కూడా ఇవ్వు. మార్చినది చూడ్డానికి, అసలుది సాక్ష్యానికి. నేను తు.చ. తప్పకుండా అలాగే చేశాను. నా తర్వాతి వాళ్లకు అలా చేయమని చెబితే టైమ్ వేస్ట్ అన్నారు.

ఖఫ్జీలో ఏం జరిగింది

ఇప్పుడు అసలు సంగతి.

ఖఫ్జీ కువైట్ సరిహద్దు దగ్గర ఊరు. చమురు పనులకు సామాను సరఫరా చేసే గోడౌన్ ఒకటి ఉంది అక్కడ. కెమెరాలు మేమే పెట్టాం. ఆ గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే లింగయ్యది ఆర్మూరు దగ్గర పల్లె. అతనితో పాటు సామాన్లు సర్దే హెల్పర్ షఫీక్, బంగ్లాదేశ్ వాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్లు, ఒకే కంచంలో తినేవాళ్లు. లింగయ్య పప్పు వండితే షఫీక్ చేప వండేవాడు. వాళ్ల మాటలు సగం హిందీ, సగం చేతులు.

ఒకరోజు పెద్ద ఇనుప ర్యాక్ కూలి షఫీక్ మీద పడింది. ప్రాణం దక్కింది, కాలు నుజ్జయింది. అతన్ని దమ్మామ్ ఆసుపత్రికి తీసుకుపోయారు. గోడౌన్ మేనేజర్ సాయంత్రానికల్లా తేల్చేశాడు, లింగయ్య ఫోర్క్‌లిఫ్ట్‌తో ర్యాక్ స్తంభాన్ని గుద్దాడని. లింగయ్య గుద్దలేదన్నాడు. ర్యాక్ వాలుతుంటే చూసి, బండి ఆపి, దిగి పరుగెత్తాను అన్నాడు. ఎవరు నమ్ముతారు? షఫీక్ అటు తిరిగి ఉన్నాడు, చెవులకు మఫ్ పెట్టుకుని ఉన్నాడు, ఏమీ చూడలేదు, వినలేదు. ఆసుపత్రిలో అతనికి చెప్పింది ఒకటే మాట, "నీ దోస్తే నిన్ను గుద్దాడు."

కేసు తేలేదాకా లింగయ్య దేశం వదలకూడదన్నారు. తప్పు అతనిదేనని తేలితే దెబ్బతిన్నవాడి భారమంతా అతని నెత్తి మీద పడుతుంది. అంతకంటే అతనికి నొప్పి కలిగించింది ఇంకొకటి. చూడ్డానికి వెళ్తే షఫీక్ మొహం గోడకు తిప్పుకున్నాడు.

లింగయ్యకు మిగిలిన దిక్కు పైన ఉన్న కెమెరా. అతనే వేలెత్తి చూపించాడు దాన్ని, "అండ్ల చూడుండ్రి సారూ" అని. కేసు చూస్తున్న అధికారి వీడియో కావాలన్నాడు. గోడౌన్ వాళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి పంపారు. అధికారి కంప్యూటర్లో తెరుచుకోలేదు. ఆయన ఆఫీసులో ఊరూపేరూ లేని ప్లేయర్లు ఎక్కించుకోనివ్వరు. అది ఆయన తప్పు కాదు. మామూలు ఫార్మాట్లో ఇమ్మని తిరిగి పంపాడు. పెట్టెలో ఎలాగూ ఉంది కదా అని గోడౌన్ వాళ్లు ఆ పెన్‌డ్రైవ్ తుడిచి వేరే పనికి వాడేసుకుని, మా ఆఫీసుకు ఫోన్ చేశారు.

ఇంగ్లీషులో ఆర్డరు

మా ఆపరేషన్స్ మేనేజర్ ప్రసాద్ గారు. మన గుంటూరు వైపు ఆయన. చదువుకున్నాయన, కంప్యూటర్ తెలిసినాయన, ఒకరి సొమ్ము ముట్టడు. కానీ ఒక రోగం ఉండేది. మన తెలుగువాడితో కూడా తెలుగు మాట్లాడడు. మాకు ఆర్డర్లన్నీ ఇంగ్లీషులో వచ్చేవి, అదీ టెలిగ్రాం లాగా ముక్కలు ముక్కలుగా. కోపం మాత్రం తెలుగులో వచ్చేది. తిట్టడానికి పనికొచ్చిన భాష పని చెప్పడానికి ఎందుకు పనికిరాదో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఆ రోజు జుబైల్‌లో ఉన్న మల్లేశ్‌ను ఖఫ్జీకి పంపాడు. మల్లేశ్‌ది జగిత్యాల వైపు. మంచి పనివాడు, వైరింగ్‌లో అతన్ని మించినవాడు మా దగ్గర లేడు. ఇంగ్లీషు మాత్రం పని మీద వంటబట్టినంతే. ప్రమాదం గురించి అతనికి ఒక్క ముక్క చెప్పలేదు. ప్రసాద్ గారి మెసేజ్ ఇంత: "ఫార్మాట్ అండ్ హ్యాండోవర్ టు క్లయింట్. అర్జెంట్."

ఆయన మనసులో ఉన్నది, వీడియో ఫార్మాట్ మార్చి క్లయింటుకు ఇవ్వమని. కానీ కెమెరాల పనిలో ఫార్మాట్ అంటే ఏమిటో ఏ టెక్నీషియన్నైనా అడగండి. ఫార్మాట్ కొట్టడం అంటే డిస్క్ మొత్తం తుడిచేయడం. హ్యాండోవర్ అంటే? కొత్త సైట్‌లో పని ముగిశాక, మేం పరీక్షకు తీసిన చెత్త రికార్డింగంతా డిస్క్ నుంచి తుడిచి, శుభ్రంగా చేసి, పెట్టె తాళాలు వాళ్లకు అప్పగించడం. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి మల్లేశ్‌కు ఎన్ని సైట్లలో చెప్పారో! ప్రతిసారీ అతను తుడిచి అప్పగించాడు, ప్రతిసారీ గుడ్ అన్నారు.

ఖఫ్జీలోనూ అదే చేశాడు. పెట్టె అతన్ని ఇంగ్లీషులో అడిగింది, డేటా అంతా పోతుంది, సరేనా అని. అది ఎప్పుడూ అడుగుతుంది. అతను ఎప్పటిలాగే సరే నొక్కాడు.

గదిలోంచి బయటికి వస్తే వరండాలో లింగయ్య నిలబడి ఉన్నాడట. పొద్దున్నుంచి కెమెరా మనిషి వస్తాడని కాచుకుని ఉన్నాడు. మల్లేశ్ మాట వినగానే మొహం విప్పారిందట.

"మనోడివేనా తమ్మీ! ఏ ఊరు?"

"జగిత్యాల పక్కకే అన్నా."

"అయితె ఇగ నాకు రంది లేదు. తీసినవా నా వీడియో?"

"ఏం వీడియో అన్నా?"

లింగయ్య చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఈ మాట నాకు తర్వాత మల్లేశే చెబుతూ మధ్యలో ఆపేశాడు.

వైరు పీకడం

మల్లేశ్ ఫోన్ చేసేసరికి నేను ఖోబర్ ఆఫీసులో ఉన్నాను.

"అన్నా, ఆగమైపోయింది. సారు ఫార్మాట్ అండ్ హ్యాండోవర్ అన్నడు. ఫార్మాట్ కొట్టి అప్పజెప్పిన. గిప్పుడు ఈ లింగన్న వీడియో అడుగుతుండు. నాకెవ్వలు చెప్పలే అన్నా!"

"పెట్టె ఆన్‌లో ఉండాదా?"

"ఉన్నది. రికార్డింగ్ నడుస్తుంది."

"వైరు పీకు. మాట్లాడేది మళ్ల. ముందు పీకు!"

చిన్నవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. ఫార్మాట్ కొట్టగానే లోపలున్న వీడియో మాయమైపోదు. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది. బొమ్మలు ఉన్నచోటే ఉంటాయి. కానీ ఆ చోటంతా ఖాళీ అనుకుని పెట్టె కొత్త రికార్డింగ్ వాటి మీద రాయడం మొదలుపెడుతుంది. దాన్ని ఎంత త్వరగా ఆపితే అంత మిగులుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ లింగయ్య ప్రాణం మీద గోడౌన్ ఖాళీ వరండా బొమ్మలు పడుతూ ఉంటాయి.

మల్లేశ్ పీకబోతే గోడౌన్ మేనేజర్ అడ్డం నిలబడ్డాడు. కెమెరాలు ఆగకూడదు, కాంట్రాక్టులో ఉంది అన్నాడు. ఆ మేనేజర్ను ఏమీ అనను, అతనికి డిస్క్ సంగతి తెలియదు. కానీ అతను మా ప్రసాద్ గారికి ఫోన్ చేశాడు. ప్రసాద్ గారికి తెలుసు. నేను ఆయన గదిలోకి వెళ్లి నోటితోనే చెప్పాను కూడా. అయినా ఆయన అన్న మాట ఇది:

"ఖాదర్, హూ గేవ్ యూ పర్మిషన్? సిస్టమ్ డౌన్ అయితే మనకి పెనాల్టీ క్లాజ్ ఉంది."

"సార్, ఆడ ఒక మనిషి కేసులో ఉన్నాడు. ఆ డిస్క్‌లోనే ఉండాది ఆయన బతుకు."

"లెట్ అజ్ ఫాలో ద ప్రాసెస్."

ప్రాసెస్! ఇల్లు కాలుతుంటే బావి తవ్వే ప్రాసెస్ ఏదో ఈయన దగ్గర ఉన్నట్టుంది. నేను ఆయన ముందే ఫోన్ తీసి మల్లేశ్‌తో తెలుగులో గట్టిగా అన్నాను: "మల్లేశా, ఎవరు ఏమన్నా పీకెయ్. ఎవరైనా అడిగితే ఖాదర్ చెప్పినాడను."

లింగయ్య మేనేజర్ను చేయి పట్టుకుని బతిమాలుతుంటే మల్లేశ్ వైరు పీకాడట. ప్రసాద్ గారు అప్పుడు తెలుగులోకి వచ్చారు. "ఏంటండీ ఇది? నన్ను లెక్క చేయరా మీరు?" అన్నారు. ఆ తెలుగేదో మొదటి మెసేజ్‌లోనే ఏడ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. "వీడియో మామూలు ఫోన్లో ఆడేలా మార్చి ఇవ్వు" అనడానికి ఎంత సేపు పడుతుంది?

తేదీ లేని బొమ్మ

కారు తీసుకుని ఖఫ్జీ వెళ్లి ఆ డిస్క్ తెచ్చుకున్నాను. ముందు దానికి అచ్చు కాపీ ఇంకో డిస్క్ మీద తీశాను. అసలుది పక్కన పెట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పనే ఇది, కనీసం ఆకులైనా సరిగ్గా పట్టుకోవాలి. అసలు డిస్క్ మీద ప్రయోగాలు చేసేవాడిని నేను టెక్నీషియన్ అనను.

పట్టిక పోయిన డిస్క్‌లో వీడియో వెతకడం అంటే కుప్పలో పోసిన ముక్కల్లోంచి ఒక్కో బొమ్మ మొదలు ఎక్కడో పట్టుకుని అతికించడం. రికార్డర్ చేసిన కంపెనీకి రాశాను, మీ మూటకట్టు ఎలా ఉంటుందో చెప్పండి, మనిషి కేసులో ఉన్నాడని. అది మా వ్యాపార రహస్యం, మీ డీలరును సంప్రదించండి అని జవాబు వచ్చింది. డీలరు మేమే! నవ్వాలో ఏడవాలో తెలియక నేను కుర్చీలోంచి లేచి బయట ఎండలో నిలబడ్డాను.

చాలా రోజులు పట్టింది. గోడౌన్ బొమ్మలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఖాళీ దారులు, ఎవడో టీ తాగడం, సగం చినిగిన బొమ్మలు. ఒక మధ్యాహ్నం ఆ ర్యాక్ కనబడింది. పక్కకు వాలుతున్న ర్యాక్. నేను మల్లేశ్‌ను కేకేశాను.

బొమ్మలో షఫీక్ అటు తిరిగి వంగి ఉన్నాడు. ఫోర్క్‌లిఫ్ట్ దూరంగా, చాలా దూరంగా ఆగి ఉంది. లింగయ్య దాని మీద నుంచి దూకాడు. రెండు చేతులూ ఊపుతూ, నోరు తెరిచి అరుస్తూ షఫీక్ వైపు పరుగెత్తాడు. ర్యాక్ పై అరల్లో కింది అరలకంటే బరువైన సామాను పెట్టి ఉంది, అది స్పష్టంగా కనబడుతుంది. ర్యాక్ కూలింది. లింగయ్య ఆగలేదు, ఆ దుమ్ములోకే పోయాడు. అక్కడితో ముక్క తెగిపోయింది. మల్లేశ్ తెర మీద చేయి పెట్టి అలాగే నిలబడ్డాడు.

దాన్ని మామూలు ప్లేయర్లో ఆడేలా మార్చి, అసలు డిస్క్‌తో సహా అధికారి దగ్గరికి పట్టుకుపోయాను. లింగయ్య వచ్చాడు. గోడౌన్ మేనేజర్ వచ్చాడు. బొమ్మ ఆడింది.

తర్వాత మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. ఈ వీడియో మీద తేదీ లేదు, టైము లేదు, ఇది చెల్లదు అన్నాడు.

నిజమే, లేదు. ఆ రికార్డర్ తేదీని బొమ్మ మీద అచ్చు వేయదు. దాన్ని విడిగా దాచుకుని, తన ప్లేయర్లో ఆడించేటప్పుడు మాత్రం పైన చూపిస్తుంది. ఆ దాచుకున్న చోటు మేం చదవలేకపోయాం. ఆ రహస్యం ఎందుకు దాచారో, ఎవరికి లాభమో, ఆ కంపెనీ వాళ్లు వచ్చి లింగయ్య మొహం చూసి చెప్పాలి.

అధికారి కుర్రవాడే, సౌదీ అబ్బాయి. ఇంకోసారి ఆడించమన్నాడు. ఆడించాను. చూశాడు. మేనేజర్ వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు:

"కమ్ మర్రా తాహ్?"

ఎన్నిసార్లు పడింది ఆ ర్యాక్, అని.

మేనేజర్ "మర్రా వాహిదా" అన్నాడు. ఒక్కసారే.

"అయితే ఇది ఆ రోజే" అన్నాడు అధికారి. లింగయ్యకు అరబ్బీ అంతంత మాత్రం. నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వంచుకుని తుండుగుడ్డలో మొహం పెట్టుకున్నాడు.

పాఠం అట

ఆఫీసులో మీటింగ్ పెట్టారు. తెర మీద "లెసన్స్ లెర్న్‌డ్" అని వేశారు. పాఠం ఏమిటో తెలుసా? టెక్నీషియన్లకు ఇంగ్లీషు క్లాసు పెట్టాలట. మల్లేశ్‌కు వార్నింగ్ ఇచ్చారు, ఇన్‌స్ట్రక్షన్ సరిగ్గా అర్థం చేసుకోలేదని. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మాకు చిన్నప్పుడు బళ్లో చెప్పారు, గుంటూరులో చెప్పలేదు కాబోలు.

నేను లేచాను. "సార్, ఈ గదిలో తెలుగు రానివాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకోసం హిందీలో కూడా చెప్తా. మల్లేశ్‌కు మీ మాట అర్థం అయ్యింది. మీరు రోజూ చెప్పిందే చేసినాడు. మీ మాటకే రెండు అర్థాలు ఉండాయి. ఆ ముక్క మీకు తెలుసు, వానికి తెలీదు. తెలిసినోడే విడమరిచి చెప్పాల."

ప్రసాద్ గారు "పాయింట్ నోటెడ్" అన్నారు. వార్నింగ్ మాత్రం తీసేయలేదు. చదువుకున్నవాడు తప్పు చేస్తే అది కమ్యూనికేషన్ గ్యాప్. చదువు లేనివాడు చేస్తే అది నెగ్లిజెన్స్. ఈ దేశంలోనూ అంతే, మన దేశంలోనూ అంతే, దీనికి వీసా అక్కర్లేదు.

కాబట్టి ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఫార్మాట్ అని ఎవరైనా అంటే ఆగి, మార్చాలా, తుడవాలా అని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. తుడిచేముందు లోపల ఏముందో ఒకసారి తెరిచి చూడండి, పైవాడు చూడొద్దన్నా చూడండి. రేపు మీరే మేనేజర్లు అయితే మీ మనిషికి మీ మనిషి భాషలో చెప్పండి. పోయేదేమీ లేదు, కుర్చీ కిందికి దిగదు.

దమ్మామ్ ఆసుపత్రి

లింగయ్య మీద కేసు లేదని తేలింది. సెలవు మీద ఇంటికి పొమ్మన్నారు. టిక్కెట్టు చేతికిచ్చినా అతను కదల్లేదు. నా దగ్గరికి వచ్చి, "అన్నా, గా వీడియో నా ఫోన్ల ఎయ్యవా" అన్నాడు. ఎందుకన్నాను. "షఫీక్‌కు సూపియ్యాలె. ఆడు సూడకుంట నేను విమానమెక్క" అన్నాడు.

నేనే కార్లో తీసుకెళ్లాను. ఆసుపత్రి వార్డు తలుపు దాకా వచ్చి లింగయ్య ఆగిపోయాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మొహం తిప్పుకుంటాడేమోనని భయం. ఫోను నా చేతిలో పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

షఫీక్ సన్నగా అయిపోయాడు. కాలికి ఇనుప చువ్వలు. నేనెవరో, తలుపు బయట ఎవరున్నారో చెప్పి ఫోన్ ఇచ్చాను. మొదట తనను తాను చూసుకున్నాడు, వంగి పని చేసుకుంటున్న తన వీపు. తర్వాత వెనకాల దూరంగా ఒక మనిషి బండి మీద నుంచి దూకి, చేతులూపుకుంటూ, అరుచుకుంటూ తన కోసం పరుగెత్తి రావడం చూశాడు. ర్యాక్ కూలాక కూడా ఆ మనిషి ఆగకపోవడం చూశాడు. మళ్లీ ఆడించాడు. మూడోసారి ఆడించి, లింగయ్య దూకే దగ్గర ఆపి, బొమ్మను దగ్గరికి లాక్కుని మొహం చూశాడు.

కళ్లెత్తి నన్ను అడిగాడు.

"యే ఇత్నే దిన్ కిధర్ థా, భాయ్?"

ఇది ఇన్నాళ్లూ ఎక్కడుంది? ఏం చెప్పను? గోడౌన్లోనే ఉంది. మీ నెత్తి మీదే ఉంది. అంగుళం కదల్లేదు. పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టి ఇచ్చారు, ఎవరూ తెరవలేకపోయారు. ఆ తర్వాత తుడిచేశాం.

షఫీక్ నా జవాబు కోసం ఆగలేదు. తలుపు వైపు చూసి, లోపలికి రమ్మని ఉన్న బలమంతా పెట్టి అరిచాడు.

"లింగా! అందర్ ఆ రే! బాహర్ క్యూఁ ఖడా హై?"